చెంబుకు కాపలా

డయాలసిస్ గదిలోకి వెళ్ళే ముందు ఎవరైనా బరువు తూచుకోవలసిందే. చెప్పులు విప్పేస్తారు. జేబులో ఫోను తీసి పక్కవాళ్ళకిస్తారు. చలికాలమైతే శాలువా కూడా. అంకె కాసేపు ఊగి నిలబడుతుంది. "మూడున్నర పెరిగారు. నీళ్ళు బాగా తాగేస్తున్నారండీ" అంటుంది నర్సమ్మ. "నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, వింటేగా!" అంటుంది వెంట వచ్చిన భార్య. ఆ పెద్దాయన మాత్రం ఏమీ మాట్లాడడు. ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఈ సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది. ఆ మాట్లాడని మనిషి తరఫున వకాల్తా పుచ్చుకోవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆయన నీళ్ళు తాగిన మాట నిజమే. తాగించింది ఎవరన్నదే నా ప్రశ్న.

రక్తంలో ఉప్పు పాళ్ళు కాస్త పెరిగితే చాలు, మెదడు పసిగట్టి దాహం పుట్టిస్తుంది. ఆ పాళ్ళు మళ్ళీ కుదిరేదాకా ఊరుకోదు. కిడ్నీలు బాగున్నవాళ్ళకు అదనపు ఉప్పు మూత్రంలో పోతుంది. ఆ దారి మూసుకుపోయినవాళ్ళకు తిన్న ఉప్పంతా ఒంట్లోనే ఉండి, తనకు సరిపడా నీటిని పట్టి ఉంచుతుంది. లెక్క చాలా తేలిక. ఆసుపత్రిలో ఎక్కించే లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. మన రక్తం ఉప్పదనం కూడా ఇంచుమించు అంతే. అంటే 9 గ్రాముల ఉప్పు తిన్నవాడికి ఒక లీటరు నీళ్ళు పడేదాకా నోరు ఎండుతూనే ఉంటుంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్న సామెతను మనం తప్పు చేసినవాళ్ళ మీద వాడతాం కానీ, డయాలసిస్ రోగి విషయంలో అది అక్షరాలా శరీరధర్మం. ఉప్పు పెట్టి నీళ్ళు వద్దనడం కంటే కఠినమైన శిక్ష నాకు తోచదు.

ఆరోగ్యవంతులే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. మన భోజనం సంగతి చూడండి. అన్నంలో ఉప్పు వెయ్యం. ఆ చప్పటి అన్నాన్నంతా గొంతు దిగేలా చేసే బాధ్యత పక్కనున్న పప్పుదీ, పులుసుదీ, పచ్చడిదీ. అందుకే వాటిలో ఉప్పు దండిగా పడుతుంది. ఆ పైన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుచేప. సాయంత్రం బజ్జీలో ఉప్పుతో పాటు వంటసోడా, అదీ సోడియమే. "మేం సైంధవ లవణం వాడతామండీ" అని కొందరు ధీమాగా చెబుతారు. రంగు మారినా, ధర పెరిగినా అది ప్రధానంగా అదే సోడియం క్లోరైడు.

శ్రీకాకుళం జిల్లా గుర్తుకొస్తే మనసు చివుక్కుమంటుంది. కవిటి, సోంపేట, పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో ఎన్ని కుటుంబాలు డయాలసిస్ మీద బతుకుతున్నాయో అందరికీ తెలుసు. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు. తోటల నిండా కొబ్బరి. కానీ డయాలసిస్ మనిషి దాహానికి బొండాం కొట్టుకోలేడు, ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. అదే జిల్లాలో నౌపడ ఉప్పు కొఠార్లున్నాయి. ఆ ఉప్పూ పడదు.

చేరిన నీటిని యంత్రం తీసేస్తుంది కదా అంటారు. తీస్తుంది, కానీ దానికీ ఒక హద్దుంది. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటితే గుండెకు మంచిది కాదంటారు. యాభై కిలోల మనిషికి నాలుగు గంటల్లో రెండున్నర లీటర్ల పైచిలుకు, అంతే. మూడున్నర లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మనిషి మెలికలు తిరిగిపోతాడు. అప్పుడు చేసే ఉపచారం తరచుగా ఏమిటో తెలుసా? సెలైన్. మళ్ళీ ఉప్పే! ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ దాహం. ఫ్రాన్స్‌లోని తస్సాఁ అనే చోట డాక్టర్లు ఒక్కో డయాలసిస్‌ను ఎనిమిది గంటలు నెమ్మదిగా చేస్తూ, రోగుల తిండిలో ఉప్పు తగ్గించి, చాలామందికి బీపీ మాత్రల అవసరమే లేకుండా చూశారు. మన దగ్గర కుర్చీలూ తక్కువే, గంటలూ తక్కువే. ఎనిమిది గంటలు మన చేతిలో లేవు, ఉప్పు డబ్బా మాత్రం ఉంది.

గాంధీగారి ఆత్మకథలో ఒక సంగతి ఉంది. కస్తూరిబాకు జబ్బు చేస్తే ఉప్పూ పప్పూ మానమన్నాడాయన. మీకు చెబితే మీరు మాత్రం మానగలరా అందావిడ. అయితే ఇదుగో, ఏడాది పాటు మానేశానన్నాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుని వద్దని బతిమాలినా వినలేదు. తర్వాత 1930లో దండి తీరంలో గుప్పెడు ఉప్పు ఎత్తింది కూడా ఆ మనిషే. భార్యను ఏడిపించిన ఆ పట్టుదల నాకంత నచ్చదు గానీ, పథ్యం ఒక్కరి కంచంలోనే ఉంటే నిలవదన్న మాట ఆయన గ్రహించాడు. ఇంటిల్లిపాదీ ఆవకాయ కలుపుకుంటుంటే ఒక్కడు మాత్రం చప్పిడి తినడమంటే అది పథ్యం కాదు, వెలి.

నాలుక మొండిదే కానీ మరిచిపోతుంది. కొన్ని వారాలు తగ్గించి తింటే పాత రుచి మరీ ఉప్పగా తోస్తుంది. ఈలోగా మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి పోపు, కొంచెం నిమ్మరసం ఆదుకుంటాయి. తాగే నీటికి డాక్టరు చెప్పిన కొలత ఎలాగూ ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్ళకు చక్కెర పెరిగినా దాహమేస్తుంది, అదీ చూసుకోవాలి.

మీ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంటే చెంబుకు కాపలా తర్వాత కాద్దురుగాని, ముందు కూరలో ఉప్పు అందరికీ తగ్గించండి. ఒక్క హెచ్చరిక. బజారులో తక్కువ సోడియం ఉప్పని అమ్ముతారు. చాలావాటిలో సోడియం బదులు కలిపేది పొటాషియం. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకు అది గుండె ఆపేయగలదు. డాక్టరును అడగకుండా ఆ పొట్లం మాత్రం ఇంటికి తేకండి.