మార్స్ గ్రహం... మార్సే నగరం!

సావర్కర్‌ని ఇంగ్లండ్ నుంచి ఓడలో తీసుకొస్తుంటే సముద్రంలోకి దూకి ఒడ్డుకు ఈదాడని చిన్నప్పుడు చదువుకున్నాం, గుర్తుందా? 1910 జులై 8న ఆయన దూకింది మార్సే రేవులో. రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ 1931 సెప్టెంబరులో గాంధీజీ ఓడ దిగిందీ అక్కడే. సూయజ్ కాలువ దాటి ఐరోపా వెళ్లే మనవాళ్లకు చాలాకాలం ఆ ఊరే తొలి గడప. విమానాలొచ్చాక దాన్ని మర్చిపోయాం. ఇప్పుడు పారిస్ వెళ్తాం, ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగుతాం, వచ్చేస్తాం.

నేను మాత్రం పారిస్‌లో రైలెక్కి మూడు గంటలకు పైగా దక్షిణానికి ప్రయాణించాను. సావర్కర్ కోసం కాదు, గాంధీజీ కోసమూ కాదు. ఓ పాటల బృందం కోసం. వాళ్ల పేరు 'ఐయామ్'. వాళ్లు పాడేది ర్యాప్. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారని తెలుసు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. కాస్త ఓపిక పట్టండి.

సాన్ షార్ల్ స్టేషన్ బయటికి రాగానే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది. దిగడానికి 104 మెట్లు. ఎదురుగా దూరాన కొండ మీద చర్చి, దాని నెత్తిన బంగారు పూత మేరీమాత. ఇక్కడివాళ్లు ఆమెను 'బోన్ మేర్' అంటారు. మంచి తల్లి అని. బెజవాడలో ఎక్కడున్నా కొండ మీద దుర్గమ్మ వైపు చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నట్టు, ఇక్కడ మాట మాటకీ ఆ తల్లి పేరు దొర్లుతుంది. నమ్మకం ఉన్నా లేకున్నా.

మెట్లు దిగి కిందికి నడిస్తే పాత రేవు. పొద్దున్నే పడవల పక్కన చేపలు పరిచి అమ్ముతుంటారు. బేరాలు, కేకలు... కాకినాడ నుంచి వెళ్లినవాళ్లకు కొత్తేమీ అనిపించదు. దాదాపు 2,600 ఏళ్ల కిందట గ్రీకులు వచ్చి దిగింది ఈ ఒడ్డునే. తర్వాత నేపుల్స్ నుంచి ఇటాలియన్లు, ప్రాణాలు అరచేత పట్టుకుని ఆర్మీనియన్లు, ఆ పైన అల్జీరియా, సెనెగల్, కొమొరోస్ దీవుల నుంచి... వచ్చినవాళ్లు వస్తూనే ఉన్నారు.

ఐయామ్ బృందాన్ని వరసగా నిలబెడితే ఈ రేవు రిజిస్టరు చూసినట్టే ఉంటుంది. ముఖ్య గాయకుడు అఖెనాటన్‌ది ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. అతని జోడీ షురికెన్ మూలాలు మడగాస్కర్, రీయూనియన్ దీవుల్లో ఉన్నాయి. (మన యానాం రేవు నుంచి 19వ శతాబ్దంలో కూలీలను ఓడలెక్కించింది ఆ రీయూనియన్‌కే. లోకం చిన్నది!) సంగీతం కూర్చే ఇమ్హోటెప్ అల్జీర్స్‌లో పుట్టాడు. కెఫ్రెన్‌ది సెనెగల్ మూలం. రికార్డులు తిప్పే ఖెయాప్స్, నాట్యగాడిగా మొదలై పాటగాడైన ఫ్రీమన్... ఇదీ పాత జట్టు. ఫ్రీమన్ తర్వాత విడిపోయాడు. మిగతావాళ్లు విడిపోలేదు. 1989 నుంచి లెక్కేసుకోండి.

పేర్లు చూశారా? చాలావరకు ఈజిప్టువే. పిరమిడ్లు కట్టించినవాళ్లు, కట్టినవాళ్లు. ఇది సోకు కోసం పెట్టుకున్నది కాదు. ఫ్రాన్స్‌లో అరబ్బు, ఆఫ్రికా అంటే చిన్నచూపు ఉన్న రోజుల్లో 'మా తాతలది మధ్యధరా అవతలి ఒడ్డు, నాగరికత మొదలైందే అక్కడ' అని ఎదురు చెప్పడం. గొడవ పడకుండా గొప్ప చెప్పుకోవడం అన్నమాట.

యాసే జెండా

మార్సే అంటే పారిస్‌వాళ్లకు రెండే సంగతులు. ఒకటి దొంగలు, స్మగ్లర్లు. రెండోది యాస. నాటకాల్లో, సినిమాల్లో ఆ యాస మాట్లాడితే హాలంతా నవ్వాలి. మనకిది తెలియని బాధా? తెలుగు సినిమాలో ఎన్ని దశాబ్దాలు తెలంగాణ మాట రౌడీ నోట్లోనో, కమెడియన్ నోట్లోనో తప్ప హీరో నోట్లో పలకలేదు! శ్రీకాకుళం యాసదీ అదే గతి.

ఇంకో చిత్రం. ఫ్రాన్స్ జాతీయగీతం 'లా మార్సెయేజ్' పుట్టింది స్ట్రాస్‌బర్గ్‌లో. 1792లో మార్సే నుంచి బయల్దేరిన స్వచ్ఛంద సైనికులు దాన్ని పాడుకుంటూ పారిస్‌లో అడుగుపెట్టారు కాబట్టి ఆ పేరొచ్చింది. దేశానికి పాట పేరు ఇచ్చిన ఊరిని ఆ దేశమే వెటకారం చేసింది.

అఖెనాటన్‌కు న్యూయార్క్‌లో బంధువులున్నారు. 1980ల్లో కుర్రాడిగా అక్కడికి వెళ్లినప్పుడు హిప్ హాప్ చెవినపడింది. ఖెయాప్స్‌తో కలిసి చిన్న జట్టు కట్టాడు. అది రెండుసార్లు పేరు మార్చుకుని ఐయామ్ అయింది. 1990లో 'కాన్సెప్ట్' అనే క్యాసెట్ తెచ్చారు. దానికి దన్నుగా నిలిచింది మసీలియా సౌండ్ సిస్టం. ఆ ప్రాంతపు పాత భాష ఆక్సితాన్‌లో పాడే స్థానిక బృందం అది. అదే ఏడాది పారిస్‌లో మడోనా కచేరీకి ముందు పాడే అవకాశం వచ్చింది. మరుసటి ఏడాది తొలి ఆల్బం. దాని పేరు 'మార్స్ గ్రహం నుంచి' అనే అర్థంలో ఉంటుంది. మార్సేలో మొదటి నాలుగక్షరాలు తీసుకుంటే ఫ్రెంచిలోనూ మార్స్, అంటే అంగారకుడు! 'మీరు మమ్మల్ని వేరే గ్రహంవాళ్లలా చూస్తున్నారుగా, సరే, వేరే గ్రహమే' అన్నమాట. తిట్టును తీసి బోర్డుగా తగిలించుకున్నారు.

దేశమంతా ఆ బోర్డు చూసింది మాత్రం 1994లో. 'జ దాన్స్ ల మియా' అనే పాట. 80ల్లో మార్సే కుర్రాళ్లు జుట్టు దువ్వుకుని, బూట్లు తళతళలాడించి డాన్సు క్లబ్బులకు వెళ్లిన ముచ్చట్లు. మిషెల్ గాండ్రీ వీడియో తీశాడు. ఆ పాట ఫ్రాన్స్‌లో నంబర్ వన్ అయింది. నవ్వుతాలు పాటే. కానీ ఈసారి యాసను చూసి నవ్వలేదు, యాసతో కలిసి నవ్వారు. ఆ తేడా చిన్నది కాదు.

పాత రేవుకు ఉత్తరాన గుట్ట మీద 'పానియే' అనే పేట ఉంది. ఇరుకు సందులు, ఆరేసిన బట్టలు. ఇప్పుడు టూరిస్టుల కెమెరాలు, సబ్బుల దుకాణాలు. ఈ సందుల్లోని కుర్రాళ్ల కథతోనే అఖెనాటన్ 2000లో 'కొమ్ అన్ ఎమాన్' సినిమాకు ఓ దర్శకుడయ్యాడు. అతని సంగీతం వినాలంటే అంతకన్నా తేలిక దారి 1998 నాటి 'ట్యాక్సీ' సినిమా. ఆ పాటల పని చూసింది అతనే. మన టీవీల్లో ఇంగ్లిషు డబ్బింగ్‌లో దాన్ని చూసినవాళ్లు ఉండే ఉంటారు.

తిండి సంగతి ఒక్క మాట. ఇక్కడ 'పనీస్' అని అమ్ముతారు. శనగపిండి ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి నూనెలో వేయించడం. ఉప్పు, మిరియాలు చల్లి పొట్లం కట్టిస్తారు. శాకాహారులు కళ్లు మూసుకుని తినొచ్చు. నాకైతే పచ్చిమిర్చి గుర్తొచ్చింది.

రేపు చాలా దూరం

1997లో వచ్చిన 'లెకోల్ దు మిక్రో దార్జాఁ' ఐయామ్‌కు శిఖరం. 'వెండి మైకు బడి' అనుకోవచ్చు. పది లక్షలకు పైగా అమ్ముడైంది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ జాతీయ సంగీత పురస్కారాల్లో ఉత్తమ ఆల్బంగా నిలిచింది. ఇందులో చివరి పాట పేరుకు అర్థం 'రేపు చాలా దూరం'. తొమ్మిది నిమిషాలు. పల్లవి లేదు. అఖెనాటన్, షురికెన్ చెరో భాగం పంచుకుని ఉత్తరపు పేటల్లో కుర్రాళ్ల రోజు ఎలా గడుస్తుందో చెప్పుకుంటూ పోతారు. రేడియోకు పనికిరాని పాట. కానీ ఫ్రెంచి ర్యాప్‌లో గొప్ప పాటలు ఏవంటే ముందు చెప్పే పేర్లలో అది ఉంటుంది. నాకు ఫ్రెంచి అంతంతమాత్రం. అనువాదం పక్కన పెట్టుకుని విన్నాను. మూడోసారి విన్నాక అనువాదం అక్కర్లేదు.

అదే ఆల్బంలో 'తమ్ముడు' అనే అర్థం వచ్చే పాట ఇంకొకటి. త్వరగా పెద్దవాడైపోవాలని తప్పుదారి పట్టే పిల్లాడి గురించి. ఆ తమ్ముళ్ల వయసువాళ్లకు ఇప్పుడు పిల్లలున్నారు. ఆ పాట పాతబడితే బాగుండేది. 2023 ఒక్క ఏడాదే మార్సేలో మత్తుమందు ముఠాల గొడవల్లో 49 మంది చనిపోయారు.

జిదాన్ పుట్టిన లా కాస్తెలాన్ కూడా ఈ ఉత్తరపు పేటల్లోనిదే. అందరూ జిదాన్లు కాలేరు. కానీ మైకు దొరికినవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోంకీ ఫ్యామిలీ, సై ఫోర్ ద లా రీమ్... ఐయామ్ తెరిచిన తలుపులోంచి వచ్చినవాళ్లే. 2008 మేలో ఐయామ్ ఇరవై ఏళ్ల పండగ గీజా పిరమిడ్ల ముందు కచేరీ చేసి జరుపుకుంది. పేర్లు అరువు తెచ్చుకున్న చోటే! 2020లో జూల్ అనే కుర్ర స్టార్ ఊళ్లోని ర్యాపర్లందర్నీ కూడగట్టి '13 ఆర్గనీజే' ఆల్బం తెచ్చాడు. 13 అంటే ఆ జిల్లా నంబరు, బండి నంబరు ప్లేటు మీద ఉండేది. అందులో అఖెనాటన్, షురికెన్ కూడా వచ్చి పాడారు. పెళ్లికి తాతలు వచ్చి కూర్చున్నట్టు. 2024 మే 8న ఒలింపిక్ జ్యోతి గ్రీసు నుంచి ఓడలో పాత రేవుకు వచ్చినప్పుడు కుండంలో మంట వెలిగించింది జూల్. మంత్రిగారు కాదు, ర్యాపర్.

ఇవన్నీ చూసి తిరుగు ప్రయాణం పెట్టుకోవచ్చు. నేను చివరి రోజు ఊరి ఉత్తరానికి బస్సెక్కాను. అక్కడో రోడ్డు ఉంది. పాత పేరు అవెన్యూ దెజ్ ఎగలాద్. 1995 ఫిబ్రవరి 21 రాత్రి ఇబ్రహీం అలీ అనే 17 ఏళ్ల కుర్రాడు ర్యాప్ రిహార్సల్ ముగించుకుని స్నేహితులతో ఇంటికి బయల్దేరాడు. కొమొరోస్ దీవుల కుటుంబం. బృందం పేరు 'బీ వైస్'. బస్సు వెళ్లిపోతుందని అందరూ పరుగెత్తారు. ఆ పక్కనే నేషనల్ ఫ్రంట్ పార్టీ ఎన్నికల పోస్టర్లు అంటిస్తున్నవాళ్లు తుపాకీ పేల్చారు. తూటా వీపులో దిగింది.

'జ దాన్స్ ల మియా'కు దేశమంతా స్టెప్పులేసిన మరుసటి ఏడాది అది.

కాల్చినవాళ్లకు 1998లో శిక్ష పడింది. రోడ్డుకు ఆ పిల్లాడి పేరు పెట్టమని స్నేహితులు, కుటుంబం ఏటా అడుగుతూనే ఉన్నారు. 2021లో పెట్టారు. ఇప్పుడు అది అవెన్యూ ఇబ్రహీం అలీ. పాతికేళ్లు పట్టింది.

చూడ్డానికి ఏమీ ఉండదు. మామూలు రోడ్డు. లారీలు, గోడలు, ఓ నీలం రంగు పలక. కాసేపు నిలబడ్డాను. తిరుగు బస్సు కనబడగానే అలవాటు కొద్దీ పరుగెత్తబోయి ఆగిపోయాను. తర్వాతి బస్సుకు వెళ్లాను.