ఒక్క ప్లేటు మీద మూడు రంగులు

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. తర్వాత లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే స్టూడియోలో కుదురుకున్నారు. 1950లలో అక్కడే ఆయనా, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ కలిసి రంగుల ముద్రణలో ఒక కొత్త దారి తీశారు. అంతకుముందు ఎచింగ్‌లో, అంటే లోహపు ప్లేటుని యాసిడ్‌తో తొలిచి అచ్చు తీసే పద్ధతిలో, రంగులు కావాలంటే రంగు రంగుకీ వేరే ప్లేటు చెక్కాలి, లేదా స్టెన్సిళ్ల సాయం తీసుకోవాలి. వీళ్లు ఒక్కటే ప్లేటుకి రంగులన్నీ పట్టించి, ప్రెస్సులో ఒక్కసారి తిప్పి, ఏ రంగు దారిన ఆ రంగు కాగితం మీదకి దింపారు. ఇంకుల చిక్కదనం మీద నడిచే పద్ధతి కాబట్టి దాన్నే విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. ప్రపంచంలో ఎచింగ్ ప్రెస్సు ఉన్న చోటల్లా ఆ పద్ధతి గురించి తెలుసు. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లలో ఒకరు మన చిత్తూరు పల్లె మనిషి అని మన చిత్రకారుల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

నాది రాజమండ్రి. దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి చిన్నప్పుడు మా నాన్నగారు తీసుకెళ్లేవారు. ఆ బొమ్మలు చూసే నీటిరంగుల్లోకి వచ్చాను. మా పనంతా కాగితం, నీళ్లు, కుంచె. రంగు ఒలికితే అది పారే దారిని బట్టి బొమ్మ తేలుతుంది. ఏళ్ల తరబడి అలా వేశాక నా చేతికి రాబోయేది ముందే తెలిసిపోవడం మొదలైంది. బొమ్మలు అమ్ముడుపోతున్నాయి, మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటున్నారు. కానీ కుంచె పట్టుకున్నప్పుడు లోపల కలగాల్సిన గాభరా కలగడం లేదు. విస్కాసిటీ పద్ధతి మీద కృష్ణారెడ్డి గారు 1988లో ఒక పుస్తకం రాశారు. అది ఎలాగో సంపాదించి చదివాను. అర్థమైనట్టే ఉంది గానీ చేత్తో చేస్తే తప్ప నమ్మకం కలగదనిపించింది. శాంతినికేతన్‌లో ఒక ప్రింట్‌మేకర్ శీతాకాలంలో తన సొంత స్టూడియోలో వర్క్‌షాపు పెడతారని ఒక మిత్రురాలు చెప్పగానే ఉత్తరం రాసేశాను.

రాజమండ్రిలో హౌరా వైపు వెళ్లే రైలెక్కితే ఒడిశా అంతా దాటుకుని మర్నాటికి హౌరా. అక్కడ ఆ రాత్రి ఉండి, పొద్దున పదిగంటల ప్రాంతంలో బయలుదేరే శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే మధ్యాహ్నానికి బోల్పూర్. శాంతినికేతన్‌కి దిగాల్సిన స్టేషన్ అదే. స్టేషన్ బయట టోటో అనే బ్యాటరీ రిక్షాలు వరసగా ఉంటాయి. ఊరు దాటి ఖోయాయ్ వైపు పోతుంటే నేల ఎర్రబడుతుంది, వానకు కోసుకుపోయిన గట్లు కనిపిస్తాయి, సోనాఝురి చెట్లు పలచగా నీడ పరుస్తాయి. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటినుంచి జనం తాకిడి పెరిగిందని టోటో అతను చెప్పాడు. అతనికి అది సంతోషమే.

స్టూడియో అంటే పెంకుటింటి వెనక వేసిన పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క ప్రెస్సు, దాని పెద్ద చక్రం. ఇంకో పక్క గాజు పలకలు పరిచిన బల్లలు, గోడకి వేలాడే రోలర్లు. యాసిడ్ పని అంతా బయట, చెట్టు కింద, గాలి ఆడే చోట. నేర్పే ఆయన్ని అందరూ దాదా అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను దీదీ అన్నారు. ఆయన హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. మా బృందంలో అనంతపురం కుర్రాడొకడు ఉండడం నాకు పెద్ద ఆసరా. శాంతినికేతన్‌లోని కళల కళాశాల అయిన కళాభవనలో గ్రాఫిక్స్ చదివి అక్కడే ఉండిపోయాడు, దాదాకి సాయంగా ఉంటాడు. నా తెలుగు వినగానే "అక్కా, మీది గోదావరి పక్కనా?" అని అడిగాడు. ఆ పూట నుంచి నా బల్ల పక్కనే అతని బల్ల.

మొదట ప్లేటు. జింకు రేకు అంచులు ఏటవాలుగా అరగదీసి, పైన యాసిడ్ తగలకుండా పూత పూసి, ఎక్కడ లోతు కావాలో అక్కడ పూత తీసి, నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో పడుకోబెడతారు. కలిపేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. దాదా ఇది రోజూ పొద్దున్నే అందరి చేతా పైకి చెప్పించేవారు. జింకు కరుగుతుంటే ప్లేటు మీద సన్నని బుడగలు లేస్తాయి. వాటిని ఒక పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి. ఇదొక్కటే చాలా సేపు చేశాను. అనంతపురం తమ్ముడు పక్కన నిలబడి, "అక్కా, బుడగని ఆడ నిలబడనీకూడదు. నిలిస్తే దాని కింద యాసిడ్ తినదు, మచ్చ పడిపోతాది" అనేవాడు. పూత మళ్లీ వేసి, మళ్లీ కొంత తీసి, మళ్లీ యాసిడ్‌లో పెడితే మెట్లు మెట్లుగా లోతు వస్తుంది. పై మట్టం, నడి మట్టం, అడుగు మట్టం. ఆ తర్వాత బ్యూరిన్, స్క్రేపర్ అనే చెక్కే, గీకే పనిముట్లు పట్టుకుని అంచులు సవరించాలి. చేత్తో తడిమితే మెట్టు మెట్టు తెలియాలి. కాగితం మీద నీళ్లు పరచడమే తెలిసిన చేతికి లోహం ఇచ్చే ఎదురు ఒత్తిడి కొత్త. భుజం నొప్పెట్టింది, మణికట్టు వాచింది. అయినా రాత్రిపూట కూడా ఆ ప్లేటుని ఒళ్లో పెట్టుకుని తడుముతూ కూర్చునేదాన్ని.

ఇంకు కలపడం దగ్గర అసలు విద్య మొదలైంది. ఎచింగ్ ఇంకు డబ్బాలోంచి తీసినప్పుడు చిక్కగా ఉంటుంది. దాన్ని గాజు పలక మీద వేసి, అవిసె నూనె చుక్కలు చుక్కలుగా కలుపుతూ కత్తితో మడుస్తూ ఉండాలి. నీలం ఇంకులో నూనె ఎక్కువ, పసుపులో దాదాపు లేనట్టే. దాదా కత్తి పైకెత్తి చూపించారు. నీలం పాకం తీగలా సాగి జారిపోయింది. పసుపు కత్తినే పట్టుకుని ఉండిపోయింది. "దీదీ, ఇప్పుడు రంగుల పేర్లు మరిచిపోండి. దేనికెంత ఒళ్లుందో చూడండి" అన్నారు. ఏళ్ల తరబడి రంగుని చూపుతోనే కొలిచాను. నీలమంటే నీలమే నాకు. ఆ నీలానికి బరువు, సాగుడు, మొండితనం ఉంటాయని, వాటిని బట్టే అది పక్క రంగుతో కలుస్తుందో కలవదో తేలుతుందని ఆ గాజు పలక దగ్గర తెలిసింది.

ఆ మధ్యాహ్నం దాదా ఒకే ప్లేటుని రెండు రకాలుగా అచ్చు తీసి చూపించారు. మొదటిసారి గీతల్లోకి నల్ల ఇంకు రుద్ది, టార్లటన్ అనే గంజి పెట్టిన పలచటి గుడ్డతో, ఆ తర్వాత న్యూస్‌పేపర్ ముక్కతో పైపైన తుడిచారు. గీతల్లో నలుపు ఉండిపోయింది, పైభాగం శుభ్రపడింది. తర్వాత గట్టి రోలరుకి నూనె ఎక్కువున్న నీలం పట్టించి, బరువు పెట్టకుండా ఒక్కసారి దొర్లించారు. గట్టి రోలరు లోతుల్లోకి దిగలేదు కాబట్టి పై మట్టానికే నీలం అంటింది. తర్వాత మెత్తని రోలరుకి చిక్కటి పసుపు పట్టించి, ఒత్తి దొర్లించారు. అది మెత్తన కాబట్టి వంగి గుంటల్లోకి దిగింది. అడుగున పసుపు పడింది. పైనున్న నీలం మీదుగా కూడా అదే రోలరు పోయింది గానీ, నూనె నీలం చిక్కటి పసుపుని తన మీద అంటనివ్వలేదు. తడిపి, ఆరీ ఆరనట్టున్న కాగితం ప్లేటు మీద పరిచి, పైన ఫెల్టు కప్పి, చక్రం తిప్పారు. కాగితం ఎత్తితే నలుపు, నీలం, పసుపు మూడూ అంచులు కోసినట్టు విడివిడిగా ఉన్నాయి.

రెండోసారి వరస మార్చారు. చిక్కటి పసుపు ముందు, నూనె నీలం తర్వాత. పై మట్టమంతా రెండూ కలిసిపోయి ఆకుపచ్చ తేలింది. రంగులు అవే, ప్లేటు అదే, చేతులు అవే. దొర్లించిన వరస మారితే బొమ్మే మారిపోయింది. ఆ రెండు అచ్చుల్నీ పక్కపక్కన క్లిప్పులతో తగిలించి అందరం అలాగే నిలబడిపోయాం. ఎవరూ మాట్లాడలేదు.

ఈ పనికి చెవి కూడా కావాలి. రోలరు మీద ఇంకు సరిగ్గా పరుచుకుంటే సన్నగా చిరచిరమనే చప్పుడు వస్తుంది. ఎక్కువైతే చప్పుడు తడిగా, బరువుగా మారుతుంది. దాదా ఇంకో బల్ల దగ్గర ఉండి, ఇటు చూడకుండానే, "ఇంకు ఎక్కువైంది" అని చెప్పేవారు. డిసెంబరు చలికి పొద్దున ఇంకులు బిగుసుకుపోయేవి. ఎండెక్కాక వదులయ్యేవి. పొద్దున సరిపోయిన నూనె కొలత మధ్యాహ్నానికి సరిపోదు. అందుకే లెక్క రాసుకుంటే చాలదు, ప్రతిసారీ కత్తి ఎత్తి చూసుకోవాల్సిందే.

దాదా దగ్గరున్న కేటలాగుల్లో కృష్ణారెడ్డి గారి "వర్ల్‌పూల్" మళ్లీ చూశాను. 1963 నాటి అచ్చు అది. ఇదివరకు ఆ సుడిని చూసి రంగుల పొందిక అనుకున్నాను. ప్లేటు చెక్కాక చూస్తే అది శిల్పం. ఆయన పారిస్‌లో జాడ్కిన్ అనే శిల్పి దగ్గర శిల్పం నేర్చుకున్న మనిషి. సుడి ఎక్కడ లోతో అక్కడ ప్లేటు నిజంగానే లోతు, రంగు ఆ లోతుని వెతుక్కుంటూ వెళ్లి కూర్చుంది. 1968లో పారిస్ విద్యార్థుల ఉద్యమం చూసి చేసిన "డెమాన్‌స్ట్రేటర్స్"లో గుంపు అలా కదలడానికీ కారణం ఇదే. విస్కాసిటీని రంగుల గారడీగా నేర్పేవాళ్లని తర్వాత కొందరిని చూశాను. ఎరుపు పైన, పచ్చ కింద, చూడ్డానికి బాగుంటుంది, అంతే. చెక్కడంలో ఆలోచన లేకపోతే ఈ పద్ధతితో అలంకారం తప్ప మరేం రాదని నా గట్టి అభిప్రాయం.

వర్క్‌షాపు చివర్లో దాదా ఇంకులన్నీ మూసేయించి, కాగితపు గుజ్జు పని చూపించారు. శాంతినికేతన్‌లో ఆ దారి వేసినవారు సోమనాథ్ హోర్. 1921లో చిట్టగాంగ్‌లో పుట్టి, బెంగాల్ కరువునీ తేభాగా రైతుల పోరాటాన్నీ కళ్లారా చూసి బొమ్మలు గీసిన మనిషి. 1970లలో ఆయన చేసిన "గాయాలు" వరసలో దాదాపు రంగే లేదు. మట్టి పలక మీద కత్తితో కోసి, కాల్చిన కమ్మీతో పొడిచి, దాని మీద సిమెంటు అచ్చు పోసి, ఆ అచ్చులో తెల్లటి గుజ్జు నొక్కి ఆరబెట్టేవారు. తెల్ల కాగితమే చర్మంలా చీలి, పొంగి, మానినట్టు ఉంటుంది. మేం పాత నూలు గుడ్డ ముక్కలు నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, అచ్చులో స్పాంజితో నొక్కాం. ఆరడానికి రోజులు పట్టింది. మూడు రంగులు విడదీయడం నేర్చుకున్న చోటే రంగు అవసరం లేని బొమ్మ చేయడం నాకు చాలా బలంగా తాకింది. మా అమ్మ పోయిన ఏడాది అది. నేను కోసిన పలక ఆమె చేతి మీది సెలైన్ సూది గుర్తుల బొమ్మ. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

నేను వెళ్లింది నందన్ మేళా రోజులకు సరిగ్గా ముందు. నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబరు 3. దాన్ని పురస్కరించుకుని కళాభవన విద్యార్థులూ గురువులూ డిసెంబరు 1, 2 తేదీల్లో తాము చేసిన వస్తువులు అమ్మి, వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి ఇస్తారు. క్యాలెండర్లు, మట్టి గిన్నెలు, చిన్న చిన్న అచ్చులు. నల్లటి తారు పూసిన మట్టి గోడల మీద బొమ్మలు పొంగి కనిపించే కాలో బాడీ అనే ఇల్లు, రామ్‌కింకర్ బైజ్ 1938లో ఆరుబయట నిలబెట్టిన "సంథాల్ కుటుంబం" శిల్పం ఆ రద్దీలోనే చూశాను. మన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారు కూడా ఈ చెట్ల కిందే నందలాల్ దగ్గర నేర్చుకున్నారని తమ్ముడు ఎవరికో బెంగాలీలో చెబుతుంటే విన్నాను.

ఇంటికొచ్చాక గోదావరి ఎండలతో మరో చదువు మొదలైంది. బోల్పూర్ చలికి సరిపడ్డ ఇంకు ఇక్కడ మార్చిలో కారిపోతుంది. నూనె కలపడం అటుంచి, బిగువు కోసం మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలపాల్సి వచ్చింది. ప్రెస్సు కొనే స్తోమత లేదు. అందుకని ఆ సూత్రాన్నే పెయింటింగ్‌లోకి తెచ్చుకున్నాను. చెక్క మీద జెస్సో అనే తెల్లటి పూత దట్టంగా వేసి, ఆరాక గీరి మట్టాలు చేసి, తైల వర్ణాలని కొన్ని నూనెతో, కొన్ని పొడిగా కలిపి రోలర్లతో దొర్లిస్తున్నాను. కొన్ని విడిపోతున్నాయి, కొన్ని కలుస్తున్నాయి. నీటిరంగులు వదల్లేదు. వాటిలో కూడా ఇప్పుడు నీళ్ల కొలత మీద ధ్యాస పెరిగింది. కుంచె పట్టుకుంటే గాభరా మళ్లీ కలుగుతోంది.

కృష్ణారెడ్డి గారు 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మన దేశం ఆయనకి 1972లోనే పద్మశ్రీ ఇచ్చింది. కానీ ఆయన పద్ధతిని ప్లేటు మీద నేర్చుకోవడానికి నేను తెలుగు నేల దాటి పోవాల్సి వచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లో ప్రింట్‌మేకింగ్ విభాగాలున్నాయి, ప్రెస్సులున్నాయి, చేయి తిరిగిన అధ్యాపకులున్నారు. వాళ్లకి నా విన్నపం ఒక్కటే. ఏటా శీతాకాలంలో ఒక్క వారం మీ ప్రెస్సు గది తలుపు బయటి చిత్రకారులకి తెరవండి. వయసూ డిగ్రీ అడగకుండా రానివ్వండి. వీలైతే మొదటి వర్క్‌షాపు చిత్తూరులో పెట్టండి.