మియో వంతెన: పైనుంచా, కిందనుంచా?
ఫ్రాన్స్‌లో క్లెర్మాన్-ఫెరాన్ నుంచి దక్షిణానికి వెళ్లే ఏ75 మోటర్‌వే దాదాపు అంతా ఉచితమే. టోల్ మియో వంతెన దగ్గరే, వేసవిలో ఇంకాస్త ఎక్కువ. 2004లో తెరిచిన ఈ వంతెన ఈఫిల్ టవర్ కంటే ఎత్తు. కానీ పైనుంచి వెళ్తే రెండున్నర కిలోమీటర్లూ ఇట్టే అయిపోతాయి, ఆ ఎత్తేమిటో తెలీనే తెలీదు!

మేం టోల్ కట్టకుండా పాత రోడ్డు మీద మియో ఊళ్లోకి దిగాం. ఒక పక్క తార్న్ నది, తలెత్తితే ఆకాశంలో సన్నటి గీతలా రోడ్డు, దానిమీద అగ్గిపెట్టెలంత లారీలు. మెడ నొప్పెట్టేదాకా చూశాం. దగ్గరి ఊళ్లో చేసే రోక్‌ఫోర్ చీజ్ కూడా కొన్నాం. టైమ్ ఎక్కువే పట్టింది, పట్టనివ్వండి. తొందర లేనివాళ్లు మాత్రం కిందికే దిగండి, పిల్లలుంటే తప్పకుండా.