ఇల్లు ఇరుకటము

“ఇల్లు ఇరుకటము, ఆలి మర్కటము” అని మనవారిలో నొక సామెత కలదు. దీనిని పురుషులు నవ్వుచు చెప్పుకొందురు. ఆలి మర్కటమగుటకు కారణమేమో యెవ్వరును అడుగరు. కారణము సామెతలోని మొదటి సగముననే యున్నది. ఇరుకింటిలో పగలెల్ల మెలగవలసినది ఆమెయే కదా! పురుషుడు పనికిగాని, వీధియరుగుమీదికి గాని పోవును. ఆమె పొయ్యికిని నీళ్ళకుండకును నడుమ నొదిగి తిరుగును. కావున చిన్నయింటిలో జాగా పొదుపుచేయుట శిల్పుల ముచ్చట మాత్రమే కాదు. సంసారధర్మమునకు సంబంధించిన విషయము.

ఇటీవల మట్టియిండ్లపై చదువుకొన్నవారికి మరల మక్కువ కలుగుచున్నది. మట్టియిల్లు బీదతనమునకు గుర్తని యీసడించువారు, గాంధీమహాత్ముడు 1936లో వార్ధా చెంత సేవాగ్రామమున మట్టియింటనే కాపురముండెనని జ్ఞాపకముంచుకొనవలెను. మేమును మట్టి త్రొక్కి, గోడలు పెట్టి, పదియడుగుల చదరపు గదులు రెండును, వెనుక వంటయిల్లును గల చిన్న యింటిని కట్టుకొంటిమి. ఆ పనిలో తెలియవచ్చిన లెక్కలు చదువరులకు పనికివచ్చునని యిట వ్రాయుచున్నారము.

మట్టిగోడకు లావు ఉండవలెను. అడుగున్నర మందమునకు తక్కువ కాకుండ మేము పెట్టితిమి. అట్టి గోడలతో విడిగా నొక గదిని కట్టినచో, లోపల 10 అడుగుల చదరము కావలయునన్న వెలుపల 13 అడుగులు పట్టును. అనగా 169 చదరపుటడుగుల నేలలో 100 మాత్రమే మనకు దక్కి, తక్కిన 69 గోడలపాలగును. గోడ మ్రింగినదానిని గోడచేతనే కక్కించుట చిన్నయింటి నేర్పు. మన పెద్దలు దానిని గూళ్ళతో సాధించిరి. దీపమునకొక గూడు, ఉప్పుకుండకొక గూడు, పుస్తకములకొక గూడు. రెండడుగుల వెడల్పును, మూడడుగుల యెత్తును, ముప్పాతికయడుగు లోతును గల గూళ్ళు ఆరు ఉన్నచో 27 ఘనపుటడుగుల చోటు దొరకును. ఆరున్నరయడుగుల యెత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల యినుప బీరువాలో నున్నది 29 అడుగులే. బీరువా నాలుగున్నర చదరపుటడుగుల నేలను ఆక్రమించి, తలుపులు తెరచుటకై మరికొంత యడుగును. గూడు నేలను అంగుళమైనను అడుగదు. అయితే గూళ్ళను గోడ లేచుచుండగనే విడువవలెను గాని తరువాత త్రవ్వరాదు. మూలలకు రెండడుగుల యెడముంచి, పైన గట్టి కఱ్ఱపలకయో చిన్న కమానో యుంచి, దూలము సరిగా దానిపై మోపకుండ చూచుకొనవలెను.

తలుపు సంగతియు నిట్టిదే. రెండున్నరయడుగుల రెక్క లోనికి తెరచుకొన్నచో దాదాపు 5 చదరపుటడుగుల నేలను ఊడ్చుకొనిపోవును. రెండు రెక్కలు చేసినచో అందు సగమే చాలును.

శ్రీకాకుళము, విశాఖపట్టణము సముద్రతీరములందలి చుట్టిండ్లు మరియొక పాఠము చెప్పుచున్నవి. 40 అడుగుల గోడను చదరముగా పెట్టినచో 100 చదరపుటడుగులు చిక్కును. వలయముగా త్రిప్పినచో 127 చిక్కును. గాలివాన గుండ్రని గోడను ఒరసికొని ప్రక్కలకు పోవును. కాని పెట్టెను, మంచమును వంపుగోడకు చేర్చినపుడు వెనుక సందు మిగులును. కావున గోడవెంబడి మట్టితిన్నెనే చుట్టబెట్టుట మేలు. కేరళమున తక్కువ ఖర్చుతో నిండ్లు కట్టి ప్రసిద్ధికెక్కిన లారీ బేకరు (1917–2007) కూడ కూర్చుండు తిన్నెలను గోడతోపాటే కట్టించెడివాడు. రాయలసీమలో మిద్దెపై కప్పు ఎండకాలమున పడకటిల్లగును, పంటకాలమున కళ్ళమగును. కడప బండలు గోడలో చొప్పించిన అరలు తరతరములు నిలుచును.

ఇంతవరకు అందరును తలయూపుదురు. ఇక చేదుమాట. ఇట్లు మిగిల్చిన జాగా ఎవరికి చెందుచున్నది? చిన్నయిండ్లలో తరచుగా ముందరి గది వచ్చిపోవువారిది, అరుగు పురుషులది, మిగిలిన చీకటిమూల వంటయిల్లు. గ్యాసుపొయ్యి వచ్చినను కాగులకు కట్టెలపొయ్యి పోలేదు. ఆ పొగ పీల్చువారెవరో చెప్పనక్కరలేదు. మా యింట వంటగదికి రెండు కిటికీలని గీసినపుడు మా నాయనగారు, “మట్టిగోడకు అన్ని కన్నములా? పొగ పోవుటకు పైన నొకటి చాలదా?” అనిరి. మా యిల్లాలు తల వంచుకొనియే, “మామగారూ, పొగకు త్రోవ విడిచి మాకు విడువరా?” అని మెల్లగా ననినది. ఆయన మరి మాటాడలేదు. మరునాడు తామే కఱ్ఱ తీసికొని వీధియరుగును రెండడుగులు కుదించి గీసిరి. దానితో గదులు రెండును ముందుకు జరుగగా, వెనుక వంటగదికి రెండడుగులు కలిసివచ్చినవి. ఎదురెదురుగా రెండు కిటికీలు వచ్చినవి. నిలువబడి వండుటకు తిన్నె వచ్చినది. తిన్నె క్రింద కట్టెలకు చోటు వచ్చినది. బలము తగ్గునను భయమునకు కిటికీలను వెడల్పు తగ్గించి, ఎత్తు పెంచుటయే సమాధానమైనది.

ఇల్లు కట్టదలచిన సోదరులకు మేము చెప్పునది యొక్కటి. పునాది త్రవ్వకమునుపు గోడలన్నియు ముగ్గుతో నేలమీద గీయుడు. పొయ్యికొక ఇటుకను, బిందెల గట్టునకొక ఇటుకను పెట్టుడు. పిమ్మట మీ గృహిణిని నీళ్ళబిందె చంకనిడి ఆ గీతల నడుమ నడువుమని కోరుడు. ఆమె మోచేయి ఎక్కడ గీతను దాటునో అక్కడ గీతను జరుపుడు, ఆమెను ఒదుగుమనకుడు. ముగ్గుగీత జరుపుటకు కాసు ఖర్చులేదు. లేచిన గోడ జరుగదు.