చెవి కొలత, కంటి కొలత

మా పాఠశాలలో సంగీతమునకు వారమున కొక గంటయు, చిత్రలేఖనమున కొక గంటయు నేర్పఱుపబడి యున్నవి. పరీక్షలు సమీపించినప్పుడెల్ల కొందఱు తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా అమ్మాయికి గొంతు లేదు, మావాడికి చెయ్యి తిరగదు. ఆ గంటలేవో లెక్కలకిస్తే బాగుపడతారు" అని మర్యాదగానే చెప్పుచుందురు. వారి యాతురత మాకు తెలియనిది కాదు. కాని యీ రెండు విద్యలును లెక్కకు దూరమైనవను మాటను మాత్రము మేమంగీకరింపజాలము.

ఒక చెక్కపెట్టెపై తీగెను బిగించి మీటుడు. వచ్చిన నాదమును షడ్జమ మనుకొనుడు. తీగెను సరిగా సగమున నొక్కి మీటినచో ఆ షడ్జమమే పై స్థాయిలో పలుకును. మూడింట రెండు పాళ్లు మాత్రమే మ్రోగునట్లు నొక్కినచో పంచమము పలుకును. భిన్నములను నల్లబల్లపై చూచి ఆవులించు బాలురు, వానిని చెవితో విన్నప్పుడు బెంచీలు దిగి బల్ల చుట్టును మూగుదురు.

హార్మోనియముపై నింకొక వింత కలదు. ఐదవ తెల్లమెట్టును నొక్కుడు. మొదటి తెల్లమెట్టు షడ్జమమైనప్పు డది పంచమము. నాలుగవది షడ్జమమైనప్పు డదియే చతుశ్శ్రుతి రిషభము. మెట్టు మాఱలేదు, నాదము మాఱలేదు, పేరు మాఱినది. ఆధారశ్రుతి తెలియనిదే యే స్వరమునకును పేరు లేదు. వయొలిన్‌కు మెట్లైనను లేవు. విజయనగరము సంగీత కళాశాలలో బోధించిన ద్వారము వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) చూపు మందగించినవారు. వారి వేలికి చోటు చెప్పినది చెవియే.

రంగుల సంగతియు నిట్టిదే. ఒకే బూడిదరంగు కాగితమునుండి రెండు ముక్కలు కత్తిరించి, ఒకదానిని నల్లయట్టపైనను, రెండవదానిని తెల్లయట్టపైనను ఉంచినచో, నల్లదానిపై నున్నది తేటగాను, తెల్లదానిపై నున్నది ముదురుగాను కన్పట్టును. రెండును ఒకటే యన్నను పిల్లలు నమ్మరు. తీసి ప్రక్కప్రక్కన పెట్టి చూపవలసినదే.

ఇక ముఖము వ్రాయుమన్నచో దాదాపుగా అందఱును కన్నులను నుదుటిమీది కెక్కింతురు. నడినెత్తినుండి గడ్డమువఱకు కొలిచి చూచినచో అవి సుమారు సగమున నుండును. తోటి పిల్లవాని ముఖము నెదుట బెట్టుకొనియు, బాలుడు తాననుకొన్న ముఖమును వ్రాయునే గాని కన్న ముఖమును వ్రాయడు. అందుచేత మేము మొదట రంగులియ్యము. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలువుమందుము. తాటిచెట్టు ఎత్తు దాని ప్రక్కనున్న గుడిసె యెత్తునకు ఎన్ని రెట్లు? ఈ పని కొన్నాళ్లు విసుగు పుట్టించును, నిజమే.

గొంతు లేదనబడిన బాలిక సంగతి చెప్పవలెను. క్రిస్మసు పాటల వరుసలో నిలిచి ఆమె పెదవులు మాత్రము కదల్చుచుండెడిది. ఒకనాడు స్నేహితురాలితో గూడ పిలిచి పాడించితిమి. అందఱికిని పెట్టు శ్రుతి ఆమె గొంతునకు మిక్కిలి హెచ్చు. రెండు మెట్లు దింపగానే షడ్జమము కుదిరినది. పంచమమునకు మూడు వారములు పట్టినది. ఆమెది గొప్ప కంఠమని మేమనము. కాని తప్పిన చోటు తానే కనిపెట్టి, మేము చెప్పక మునుపే ఆగి సవరించుకొనుచున్నది. మూడేండ్లు నోరు మూసికొన్న పిల్ల! లెక్కలలో మార్కులు తగ్గలేదని కూడ తండ్రిగారికి మనవి చేసితిమి.

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చిత్రశాల కలదు. 1897లో జన్మించి, 28 ఏండ్లైన నిండకమునుపే 1925లో గతించిన చిత్రకారుడాయన. సెలవులలో ఆ వైపు పోవు తల్లిదండ్రులు పిల్లలను తోడ్కొని పోవుదురు గాక. చిత్రముల యెదుట ఊరక నిలువబెట్టక, ముఖములో కన్నులెచ్చట నున్నవో, తేట రంగు ప్రక్కన నే రంగు పెట్టినారో అడుగుడు. జవాబు వెంటనే రాకున్నను తొందరపెట్టకుడు.