సూత్రము విప్పని సవరణ

గ్రంథమనగా కట్టబడినది. తాళపత్రములకు రంధ్రములు చేసి, వాటి గుండా సూత్రమును పోనిచ్చి, పైన క్రింద రెండు చెక్కపలకల నడుమ బిగించి ముడి వేసిన మూటకు ఆ పేరు చక్కగా అమరినది. అట్టి మూటలో ఒక పత్రమున దోషము కనబడినచో దిద్దుటకు రెండు మార్గములు ఉండెడివి. ముడి విప్పి, ఆ పత్రమును వెలికి తీసి, దిద్ది, మరల యథాస్థానమున గ్రుచ్చుట ఒకటి. సూత్రమును కొంత వదులు చేసి, పత్రము మూటలో ఉండగనే సవరించుట రెండవది. మొదటి దానిలో పత్రముల క్రమము చెడునను భయము ప్రసిద్ధమే. రెండవ దానిలోని భయము ఎట్టిదో హనుమకొండలోని ఒక అర్చకునికి ఒక కార్తికమాసమున తెలిసివచ్చినది. అయితే ఆయన చేతిలో ఉన్నది తాటాకు కాదు, కంప్యూటరు.

ఆయన నివాసము భద్రకాళీ చెరువునకు నడకదూరము. ఒక చిన్న శివాలయమున నిత్యార్చన. బాల్యముననే గురుకులవాసము చేసి కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖను క్రమాంతము అధ్యయనము చేసినారు. ఆయన గురువుగారు ఘనపాఠి, ఎనుబదేండ్లు దాటిన వృద్ధులు. ఉదకశాంతి, మహన్యాసము, రుద్రహోమము, శివకల్యాణము మొదలైన ప్రయోగములను ఆ గురువుగారు జీవితకాలమంతయు నోటుపుస్తకములలో వ్రాసుకొన్నారు. మంత్రములు సస్వరముగా, వాటి నడుమ చేయవలసిన క్రియలు తెలుగు వచనములో. శిష్యుడు ఆరు సంవత్సరములు శ్రమించి వాటినన్నిటిని యూనికోడులో టైపు చేసినాడు.

ఈ స్వరముల టైపింగు సామాన్యమైన పని కాదు. అక్షరము మీద నిలువుగీత, అక్షరము క్రింద అడ్డగీత, ఈ రెండింటికిని యూనికోడులో తెలుగు విభాగమున స్థానము లేదు. దేవనాగరి విభాగములోని 0951, 0952 సంఖ్యల చిహ్నములనే తెలుగు అక్షరములకును తగిలింపవలెను. ఇందులో ఒక వినోదము కలదు. 0951 చిహ్నమునకు ఆ ప్రమాణములో పెట్టిన పేరు ఉదాత్తము. తైత్తిరీయులు ఆ నిలువుగీతను చదువునది స్వరితముగా. ఉదాత్తమునకు మనకు గీతయే లేదు కదా! దీర్ఘస్వరితపు జంటగీత ప్రత్యేక వైదిక విభాగముతో పాటు 2009లో వెలువడిన 5.2 సంచికలో గాని చేరలేదు. గీత ఒకటి తప్పిపోయినను కంటికి వెంటనే తెలియదు, చెవికి తెలియును.

ఫైళ్ళు నూటికి పైగా అయినవి. పొరుగింటి పిల్లవాడు ఎన్.ఐ.టి. విద్యార్థి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసినది ఈ సంస్థయే. వేదము తెలియకున్నను వినయము తెలిసిన పిల్లవాడు. అతడు ఆ ఫైళ్ళన్నిటిని ఒక జిప్ మూటగా కట్టి, ఈమాక్స్ అను టెక్స్ట్ ఎడిటరులో దానిని విప్పకయే తెరచుట నేర్పినాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో లోకమునకు ఉచితముగా ఇచ్చిన గ్నూ ఈమాక్స్ అది. దానిలో మూటను తెరచినచో మొదట విషయసూచిక వంటి పట్టిక కనబడును. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క ఫైలు పేరు, పరిమాణము, తేదీ. ఒక పంక్తిపై నిలిచి ఎంటరు నొక్కినచో ఆ ఒక్క పత్రము మాత్రమే వేరొక కిటికీలో తెరచుకొనును. ‘వి’ అను మీట నొక్కినచో చూచుటకే గాని మార్చుటకు వీలుండదు. ద్రష్టకు ఒక మీట, కర్తకు వేరొక మీట. ఈ భేదము మాత్రము అర్చకునికి మొదటి రోజుననే నచ్చినది.

జిప్ మూటలో ఒక సౌకర్యము కలదు. పత్రమును దిద్ది భద్రపరచిన క్షణముననే ఆ దిద్దుబాటు డిస్కు మీది మూటలోనికి పోవును. ఆరేండ్లు ఆయన చేతివ్రేళ్ళకు ఈ ఒక్క క్రియయే అలవాటైనది. తరువాత ల్యాప్‌టాపు మారినది. పిల్లవాడు తన పద్ధతి ననుసరించి ఫైళ్ళను ఈమారు టార్ మూటగా కట్టినాడు. టార్ అనగా టేప్ ఆర్కైవ్. 1979 నాటి యూనిక్స్ ఏడవ సంచికతో వచ్చిన ప్రాచీన విధానము. జిప్ దానికి పదేండ్లు చిన్నది. తెరచినప్పుడు కనబడు పట్టిక రెండింటికిని దాదాపు ఒకటే. మీటలును ఒకటే. భేదమంతయు ఒక్కచోట ఉన్నది. టార్‌లో పత్రమును దిద్ది భద్రపరచినచో అది డిస్కునకు పోదు. జ్ఞాపకశక్తిలో తెరచియున్న మూట ప్రతిబింబమునకు, అనగా బఫరునకు, మాత్రమే పోవును. ఆ బఫరును వేరుగా భద్రపరచిననే గాని అసలు మూట మారదు. ఈమాక్స్ ఈ మాటను దాచదు. భద్రపరచిన ప్రతిసారి అడుగుపంక్తిలో ఆంగ్లమున హెచ్చరించును: టార్ బఫరులో చేర్చితిని, ఆ బఫరును భద్రపరచుట మరువవద్దు, అని. అర్చకుడు మొదటి మాట మాత్రమే చూచినాడు. చేర్చితిని అన్నది చాలుననుకొన్నాడు.

ఆ కార్తికమున గురువుగారు స్వయముగా పిలిపించినారు. “ఏరా, నా పుస్తకాలన్నీ ఆ యంత్రములో ఎక్కించినావట. చదువు, వింటాను” అన్నారు. చూపు అప్పటికే మందగించినది, శ్రవణము మాత్రము వజ్రము. మూడు సాయంకాలములు శిష్యుడు తెర చూచి చదివినాడు, గురువుగారు కన్నులు మూసుకొని విన్నారు. తప్పు వచ్చినచోట చేయి ఎత్తుదురు. పాఠము చెప్పుదురు. శిష్యుడు అప్పటికప్పుడు దిద్ది భద్రపరచును. సంత చెప్పునప్పుడు లెక్కకు వాడిన పాత చింతగింజలే ఒక ఇత్తడి పళ్ళెములో ప్రక్కన ఉన్నవి. ప్రతి సవరణకు గురువుగారు ఒక గింజ వేసినారు. మూడవ సాయంకాలము ముగియుసరికి పళ్ళెములో ముప్పదియేడు గింజలు.

ప్రతి సాయంకాలము శిష్యుడు ల్యాప్‌టాపు మూతను మూసినాడే గాని ఈమాక్స్‌ను ముగింపలేదు. మరునాడు తెరచినప్పుడు ముందునాటి సవరణలు పత్రములలో యథాతథముగా కనబడినవి. ఎందుకు కనబడవు? చూచినది బఫరునే కదా. స్వప్నములో గ్రంథము వ్రాసి, ఆ స్వప్నములోనే దానిని తెరచి చదివి, సరిగా ఉన్నదని తృప్తి పడినవాని స్థితి ఇట్టిదే. ఆ పరిశీలన అబద్ధము కాదు, కాని జాగ్రత్తునకు సంబంధించినది కాదు. తెర అడుగున ఎడమప్రక్క రెండు నక్షత్రపు గుర్తులు మూడు రోజులు నిలిచియుండినవి. భద్రపరచని మార్పు ఉన్నదనుటకు ఈమాక్స్ చూపు సంకేతమది. మూడవ రాత్రి బ్యాటరీ పూర్తిగా అడుగంటి ల్యాప్‌టాపు ఆరిపోయినది.

మరునాటి ఉదయము తెరచిన మూటలో ఒక్క సవరణయు లేదు.

గురువుగారికి ఆ రోజే జ్వరము తగిలినది. కోలుకొన్న పిదప అడుగుదమని శిష్యుడు ఆగినాడు. మూడు సాయంకాలముల శ్రమను నా అజాగ్రత్త మ్రింగినదని వృద్ధునితో ఎట్లు చెప్పుటయను సంకోచము ఒకటి, ఆయనను మరల శ్రమపెట్టుటయా అను బెంగ మరొకటి. నాలుగు దినములు గడచినవి. ఐదవనాడు గురువుగారికి మాట పడిపోయినది, తొమ్మిదవనాడు శివసాయుజ్యము. బ్యాటరీ చేసిన అపకారము కన్న ఆ నాలుగు దినముల మొగమాటము చేసినది పెద్దది. శిష్యుడును ఈ మాటను కాదనడు.

పండ్రెండవ దినము గడచిన పిదప పిల్లవాడు వచ్చి అంతయు విన్నాడు. “అయ్యగారూ, కింద లైన్ల ఏం రాసిందో చదవలేదా?” అని మాత్రము అడిగి, సమాధానము కొరకు ఆగక తల దించుకొన్నాడు.

ఇక మిగిలినవి గింజలు. శిష్యుడు వాటిని ముందు పెట్టుకొని ఉదకశాంతి మొదలుకొని మరల చదువుట ఆరంభించినాడు, ఈమారు బిగ్గరగా, పదపాఠక్రమపాఠములతో సరిచూచుకొనుచు. సంహితలోని మంత్రము ఎంతటి కట్టుదిట్టమైనదో అప్పుడు ఆయనకు మరియొకసారి అనుభవమునకు వచ్చినది. ప్రతి ఏబది పదములకు ఒక పనస, అనువాకాంతమున పనసల లెక్క. క్రమములో ప్రతి పదము తన ముందుదానితోను వెనుకదానితోను చేయి కలుపును. ఘనములో అయితే ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ఈ లెక్కన నడిమి పదము ఒక్కొక్కటి పదుమూడు పర్యాయములు ఉచ్చరింపబడును. ఒక స్వరము తప్పినచో పండ్రెండు సాక్ష్యములు దానికి విరుద్ధముగా నిలుచును. జిప్ మూటలో ప్రతి ఫైలునకు సి.ఆర్.సి.-32 అను పరీక్షాసంఖ్య ఒకటి కలదు. లోపల ఏదైనా చెడినచో అది పట్టి చూపును, కాని సరియైన పాఠమేదో చెప్పజాలదు. ఘనము దోషమును చూపును, శుద్ధపాఠమును సైతము చెప్పును. సంహితామంత్రములలోని ఇరువదిరెండు సవరణలు పదునొకండు దినములలో తిరిగి లభించినవి. ఒక్కొక్కటి దొరకినప్పుడు ఒక గింజ పళ్ళెము నుండి సంచికి మారినది.

బ్రాహ్మణభాగమునకు పదపాఠము లేదు, కావున ఘనమును లేదు. అక్కడి తొమ్మిది సవరణలకు తోడి విద్యార్థుల కంఠములు, ముద్రిత గ్రంథములు, తన చెవిలో నిలిచిన గురుస్వరము ఆధారములైనవి. అవియు దొరకినవి, ఆలస్యముగా.

మిగిలిన ఆరు వచనములోనివి. గురువుగారు స్వయముగా వ్రాసుకొన్న తెలుగు వాక్యములు. వీటికి పనస లేదు, క్రమము లేదు. టార్ మూట సరిగా ఇట్టిదే. దానిలో ప్రతి ఫైలునకు ముందు 512 బైట్ల శీర్షిక ఒకటి ఉండును. పేరు, యజమాని, పరిమాణము, తేదీ, ఒక పరీక్షాసంఖ్య అందులో ఉండును. ఆ సంఖ్య శీర్షికను మాత్రమే కాచును. దాని క్రిందనున్న విషయమునకు కాపలా లేదు. ఆరింటిలో మూడు మాత్రమే శిష్యునికి స్మరణకు వచ్చినవి. తక్కిన మూడింటిలో ఒకటి ఆయనను విశేషముగా బాధించినది. ఒకచోట గురువుగారు చేయి ఎత్తి, “అది మా తాతగారి అలవాటు, శాస్త్రము కాదు, తీసివేయి” అన్నారు. ఆ స్వరము, ఆ చిరునవ్వు జ్ఞాపకమున్నవి. ఏ వాక్యమో జ్ఞాపకము లేదు. తీసివేయుమన్న వాక్యము నేడును మూటలో తక్కిన వాక్యములతో సమానమైన ప్రామాణ్యముతో కూర్చుండియున్నది.

ఊహించి పూరించుట సులభము. బంధువొకరు అదే సలహా ఇచ్చినారు: నీవును క్రమాంతము చదివినవాడవే, నీకు తోచినట్లు సరిచేయి, ఎవరు అడుగుదురు, అని. అర్చకుడు అంగీకరింపలేదు. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదే బమ్మెర. పోతనగారి భాగవతములో కొంత భాగము శిథిలమైనదని ఐతిహ్యము. పంచమస్కంధము గంగన, షష్ఠము ఏర్చూరి సింగన, చివరి రెండు వెలిగందల నారయ పూరించినారు. పూరించిన మహానుభావులు స్కంధాంత గద్యములలో తమ పేర్లు చెప్పుకొన్నారు. పోతనగారి పేరుతో తమ పద్యములను చెల్లించుకొనలేదు. ఏది ఎవరిదో నేటికిని మనకు తెలియుటకు ఆ గద్యములే కారణము.

ఆ మార్గముననే శిష్యుడు ప్రతి సవరణ క్రిందను, ఇది గురుముఖతః శ్రుతము, ఇది ఘనముచే నిశ్చితము, ఇది స్మరణమాత్రము అని తన పేరుతో, తిథివారములతో ఒక పంక్తి వ్రాసినాడు. తేదీని ఫైలు శీర్షికకు వదలకపోవుటకు కారణము కలదు. టార్ మూటలోని పత్రమును సవరించి భద్రపరచినను, వేరుగా ఆజ్ఞ ఇచ్చిననే తప్ప ఈమాక్స్ ఆ పత్రపు పాత తేదీని మార్చదు. పట్టిక మాత్రమే చూచువానికి పత్రము ఎన్నడో వ్రాసినట్లే కనబడును. తెలియని మూడింటికి సంబంధించిన ప్రకరణములలో, ఇందు గురువుగారు సవరించిన పాఠము నష్టమైనది, కారణము నా ప్రమాదము, అని వ్రాసి స్థలము ఖాళీగా విడిచినాడు. ఇప్పుడు సాయంకాలము పని ముగిసిన పిదప పత్రమును ఒకసారి, మూటను ఒకసారి భద్రపరచి, ఈమాక్స్‌ను పూర్తిగా మూసి, మరల తెరచి, డిస్కు మీది పాఠమును పైకి చదువుచున్నాడు.

మూడు గింజలు కుంకుమ భరిణెలో ల్యాప్‌టాపు ప్రక్కన ఉండినవి. మహాశివరాత్రికి కాళేశ్వరము నుండి సహాధ్యాయి ఒకరు వచ్చి, రాత్రి మూడవ యామపు అభిషేకము ముగిసిన పిదప ఆ ప్రకరణములను చదివించుకొని విన్నారు. కలశస్థాపనలోని ఒక వాక్యము దగ్గర నవ్వినారు. “దీనిని నా చదువు నాడే తీసివేయుమన్నారు. తాతగారి అలవాటట” అన్నారు. అర్చకుడు ఆ వాక్యమును కొట్టివేసి, ఎవరు చెప్పగా కొట్టివేసినదియు దాని క్రింద వ్రాసి, రెండుమార్లు భద్రపరచినాడు. భరిణెలో ఇప్పుడు రెండు గింజలున్నవి.