దేహంలోని గడియారం

కాలం కంటికి కనిపించదు. దాని జాడ మాత్రం చెట్టులోనూ, పిట్టలోనూ, మనిషిలోనూ కనిపిస్తుంది. పొద్దుగుంకే వేళ చింతచెట్టు ఆకులు జంటలు జంటలుగా ముడుచుకొంటాయి. తెల్లవారేసరికి మళ్లీ విప్పారుతాయి. నిద్రగన్నేరుకు ఆ పేరు వచ్చింది ఈ గుణం వల్లనే. ఒక పల్లెటూరి బడిలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన మాస్టారు ఒకరు, సాయంత్రం ఆటలు ముగిశాక పిల్లలను చింతచెట్టు కిందికి తీసుకువెళ్లి ఈ వింతను చూపించేవారు. "చెట్టుకు వేళ ఎవరు చెప్పారురా?" అని అడిగేవారు. "సూర్యుడండీ!" అని పిల్లలు ఏకకంఠంతో బదులు చెప్పేవారు.

ఆ సమాధానం సగమే నిజం. 1729లో ద మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అత్తిపత్తి వలె ఆకులు ముడిచే మొక్కనొకదానిని వెలుగు చొరని చోట ఉంచి పరిశీలించాడు. సూర్యరశ్మి సోకకపోయినా దాని ఆకులు వేళకు విచ్చుకొన్నాయి, వేళకు ముడుచుకొన్నాయి. అంటే గడియారం మొక్కలోపలే ఉంది. సూర్యుడు దానిని దిద్దేవాడే గాని, నడిపేవాడు కాడు.

ఇటువంటి గడియారమే మానవదేహంలోనూ ఉంది. మెదడు అడుగుభాగాన, రెండు కళ్ల నుండి వచ్చే నాడులు కలుసుకొనే చోటుకు పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంటుంది. కంటిలో పడిన వెలుగును బట్టి అది తన వేళలను సరిచూసుకొంటుంది. కాలేయం, గుండె, రక్తనాళాల గోడలు మొదలైన వాటిలోని కణాలకు సైతం సొంత గడియారాలు ఉన్నాయి. కొన్ని జన్యువులు ప్రోటీన్లను తయారుచేయిస్తాయి. ఆ ప్రోటీన్లు పోగుపడగానే తమను పుట్టించిన జన్యువులనే అణచివేస్తాయి. అవి నశించాక జన్యువులు మళ్లీ పనికి పూనుకొంటాయి. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు 24 గంటలు పడుతుంది. చిన్న ఈగలలో ఈ రహస్యాన్ని ఛేదించిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

మాస్టారు ఉద్యోగ విరమణ చేసిన కొన్నేళ్లకు ఒకనాటి తెల్లవారుజామున అయిదున్నరకు లేచి కూర్చున్నారు. ఛాతీపై బండ పెట్టినట్లయింది. ఒళ్లంతా చెమట పట్టింది. భార్య కంగారుపడి, "ఆసుపత్రికి పోదామండీ" అన్నది. "రాత్రి తిన్న పప్పు పడలేదు, గ్యాసు. కాసిని జీలకర్ర నీళ్లియ్యి" అన్నారు ఆయన. కొడుకు పట్టణంలోని కర్మాగారంలో రాత్రి విధులు ముగించుకొని పది గంటలకు ఇల్లు చేరి, తండ్రి వాలకం చూచి నిర్ఘాంతపోయాడు. ఆసుపత్రి చేరేసరికి పదకొండు దాటింది.

వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "నొప్పి ఎన్ని గంటలకు మొదలైందండీ?"

ఆ ప్రశ్నలో ఎంతో అర్థముంది. గుండెపోటు వేళ చూచి రాదని లోకం అనుకొంటుంది. కాని 1985లో జేమ్స్ ముల్లర్, ఆయన సహచరులైన అమెరికా వైద్యులు, గుండెపోట్లు ఉదయం ఆరు గంటలకూ మధ్యాహ్నానికీ నడుమ అధికంగా మొదలవుతున్నాయని నిరూపించారు. అందుకు కారణాలు అనేకం. రాత్రి నిద్రలో పది నుండి ఇరవై శాతం వరకు తగ్గే రక్తపోటు, మేల్కొనే వేళకు పైకి లేస్తుంది. దేహాన్ని పనికి సిద్ధం చేసే కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరుగుతాయి. రక్తనాళాల లోపలి పొరకు నాళాన్ని సడలించే శక్తి ఉదయం వేళ కొంత తక్కువగా ఉంటుంది. మనిషి పడక దిగి నిలబడగానే రక్తఫలకికలు ఒకదానికొకటి అంటుకొనే స్వభావం హెచ్చుతుంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే వ్యవస్థను అడ్డుకొనే ప్రోటీన్ ఒకటి ఉదయమే ఎక్కువగా ఉంటుంది. దాని ఉత్పత్తిని ప్రేరేపించేది కూడా ఈ గడియారపు జన్యువులే.

ఆరోగ్యవంతునికి ఈ మార్పుల వల్ల హాని లేదు. కాని నాళపు గోడలో కొవ్వు పేరుకొన్న మనిషికి ఇవన్నీ ఒకే వేళ కలిసివస్తే ప్రమాదం. ఆ కొవ్వు మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, గుండెకు దారి మూసుకుపోతుంది. అంతమాత్రాన వేకువను నిందించరాదు. పెందలాడే లేవడం దోషం కాదు; నాళాలను నిర్లక్ష్యం చేయడమే దోషం.

మూసుకుపోయిన నాళాన్ని వైద్యులు తెరిచారు. మాస్టారు బ్రతికారు. కాని జారిపోయిన అయిదారు గంటలలో గుండె కండరం కొంత చచ్చిపోయింది. మేడ మెట్లు ఎక్కితే నేటికీ ఆయనకు ఆయాసం వస్తుంది. "108కి ఫోను చేసి ఉంటే" అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందరి మనసులోనూ ఉంటుంది.

కొడుకుకూ వైద్యుడు ఒక హెచ్చరిక చేశాడు. ఏళ్ల తరబడి రాత్రి విధులు చేసేవారికి హృద్రోగ ప్రమాదం ఎక్కువ. మెదడులోని గడియారం ఒక వేళ చెబుతుంటే, భోజనం, నిద్ర మరొక వేళ చెబుతాయి. బ్రతుకుతెరువు కోసం రాత్రి మేల్కొనక తప్పనివారు పొగాకుకు దూరంగా ఉండాలి. రక్తపోటు పరీక్ష చేయించుకొంటూ ఉండాలి. పగటి నిద్రకు చీకటి గదిని ఏర్పరచుకోవాలి. ఏ అవసరమూ లేకున్నా అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను వెలుగులో కూర్చొనే విద్యార్థులు ఈ మాటను ఆలోచించాలి.

మందుల వేళను మాత్రం ఎవరూ తమంతట తాము మార్చుకోరాదు. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా రోగులపై జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో, రక్తపోటు మాత్రలు ఉదయం వేసుకొన్నా, రాత్రి వేసుకొన్నా గుండెకు కలిగే రక్షణలో తేడా కనిపించలేదు. మానకుండా వేసుకోవడమే ముఖ్యం.

ఇప్పుడు మాస్టారు సాయంత్రాలు మనుమలతో ఆ చెట్టు కింద కూర్చొంటారు. ఆకులు ముడుచుకొంటుంటే పాత ప్రశ్నే వేస్తారు. పిల్లలు "సూర్యుడు" అంటారు. ఆయన తల అడ్డంగా ఊపి, ఛాతీపై చేయి వేసి చూపి, "దాని వేళ దాని లోపలే ఉందిరా. నాలోనూ ఉంది. అది పిలిచినప్పుడు నేను వినలేదు, మీరు వినండి" అంటారు.